కిటికీలు మూసి కొట్టిన మందు

ఆయనకు మీసాల్లేవు. రోజూ పొద్దున్నే నున్నగా గీసుకునేవాడు. అయినా ఆ నాలుగు వీధుల్లో ఆయన్ని మీసాల బాబాయ్ అనే పిలిచేవారు. ఏ సందులో బొద్దింక మీసం కదిలినా, టార్చి వెయ్యకముందే ఆయన కళ్లలో పడుతుందని ఆ పేరు వచ్చింది. ఆయన భార్య వీధందరికీ పిన్ని. పాతికేళ్లకు పైగా ఇళ్లకు పురుగుల మందు పెట్టడమే ఆయన పని, ఆ పనిలో ఆయన్ని కొట్టేవాడు లేడు. ఆ సంగతి అందరికంటే ఎక్కువగా ఆయనకే తెలుసు.

ఒక ఇంటికి పిలిస్తే ముందు గుమ్మంలో నిలబడి వాసన చూసేవాడు. నూనె మాగిన కంపు ముక్కుకు తగిలిందంటే బొద్దింకల లెక్క వందలు దాటినట్టే. తర్వాత వంటగట్టు కింద మోకాళ్ల మీద వంగి, అలమర తలుపుల బందుల దగ్గర, ఫ్రిజ్ మోటారు వెనక, సింకు గొట్టం చుట్టూ వెలుతురు వేసేవాడు. మిరియాల పొడి చల్లినట్టు నల్లటి రవ్వలు కనిపిస్తే వేలితో అద్ది ఇల్లాలికి చూపించేవాడు.

"ఇదేంటో తెలుసామ్మా? రెట్ట. నువ్వు పోపుల డబ్బా పెట్టుకున్నావే, సరిగ్గా దాని వెనక."

పెద్ద బొద్దింకలంటే ఆయనకు చులకన. "అవి మురుగు మోరీలోంచి వచ్చే బాటసారులు. దారి మూస్తే పోతాయి. కాపురం పెట్టేవి ఈ చిన్నవి. తల వెనక రెండు నల్లగీతలుంటాయి చూడు, ఇవి. తల్లి గుడ్ల సంచి తోకకు తగిలించుకుని తిరుగుతుంది. ఒక సంచిలో ముప్పై పైమాటే. స్ప్రే కొట్టావనుకో, తల్లి చస్తుంది, సంచి చావదు. మిగతావి గోడలో దూరి పక్కింటికి పోతాయి. అందుకే స్ప్రే కొట్టేవాణ్ని గడప తొక్కనివ్వకు."

ఆయన పద్ధతి వేరు. అలమరల మూలల్లో, ఫ్రిజ్ కింద, పొయ్యి పక్కన నంబర్లు వేసిన జిగురు అట్టలు పెట్టేవాడు. మూడు రోజుల తర్వాత వచ్చి ఏ అట్టకు ఎన్ని అంటుకున్నాయో లెక్కపెట్టేవాడు. పిల్ల పురుగులు ఎక్కడ ఎక్కువ పడితే గూడు అక్కడ. అక్కడ ఆవగింజలంత చుక్కలుగా తిండి మందు పెట్టేవాడు. తిన్నది గూట్లోకి పోయి చచ్చేది, దాని రెట్ట తిని ఇంకోటి చచ్చేది. తొందరపడకపోతే ఒక్కటి మిగలదు.

ఇంతవరకూ వంక పెట్టడానికి లేదు. కానీ ఆయనకు ఇంకో అలవాటుంది. ఫ్రిజ్ జరపాల్సి వచ్చినప్పుడు ఇంట్లో మగవాళ్లున్నా వాళ్లను పిలిచేవాడు కాదు. గుమ్మంలోకి వెళ్లి పక్కింటి ఆడవాళ్లను పిలిచేవాడు. "అమ్మా, ఒక్కసారి వచ్చి టార్చి పట్టుకోండి" అని. వాళ్లు రాగానే ఫ్రిజ్ ఒక్క లాగు లాగేవాడు. వెలుతురు పడి గుంపు చెల్లాచెదురయ్యేది, ఇద్దరు ముగ్గురు కెవ్వుమనేవారు, ఆ ఇల్లాలు చీర కొంగు నోట్లో కుక్కుకుని గోడవైపు తిరిగేది. కాపురానికొచ్చి నెల తిరగని పిల్ల ఒకతి అలాగే ఏడుస్తుంటే, "ఏడవకమ్మా, కన్నీళ్లకు కూడా వస్తాయవి. తడంటే ప్రాణం" అన్నాడు. ఆడవాళ్లు పకపకా నవ్వారు. వాళ్లలో ఇద్దరు మర్నాడే తమ ఇళ్లు చూడమని కబురంపారు. ఎవరింట్లో వాళ్లు ఒంటరిగా ఉన్నప్పుడు రమ్మని.

అలాంటి మనిషి ఇంట్లో బొద్దింక ఉండకూడదు. ఉండకూడదన్నదే చట్టం.

ఆ ఇంట్లో బాబాయ్, పిన్ని, కొడుకు, కోడలు, మూడేళ్ల మనవరాలు చిట్టి. కొడుకు సరుకు లారీ నడుపుతూ వారంలో నాలుగు రోజులు ఊళ్లో ఉండడు. కోడలు రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తుంది. పొద్దున పోతే దీపాలు పెట్టే వేళకు వస్తుంది. చిట్టిని పిన్ని చూసుకుంటుంది. రెండు నెలలుగా చిట్టికి ఒకటే దగ్గు. పడుకుంటే పిల్ల ఛాతీలో పిల్లికూతలు. మందు తాగితే రెండు రోజులు తగ్గి మళ్లీ మొదలు.

"తల్లి దగ్గరుంటేగా" అనేది పిన్ని, కూరగాయలు తరుగుతూ, ఎవరితోనూ కాదన్నట్టు. "పొద్దస్తమానం ఊళ్లోవాళ్ల రక్తాలు పట్టుకుని కూర్చుంటే, కడుపున పుట్టిన దానికి దగ్గు రాక ఏమొస్తుంది."

కోడలికి చూడటం అలవాటు. పగలంతా సూక్ష్మదర్శినిలో కణాలు లెక్కపెట్టే మనిషి. ఒక ఆదివారం చిట్టి బొమ్మల పెట్టె కడుగుతుంటే అడుగున కాఫీపొడి లాంటి రవ్వలు, పల్చటి గోధుమరంగు పొట్టు కనిపించాయి. పొట్టును వెలుతురుకు పట్టి చూసింది. ఆరు కాళ్ల ఆకారం. పురుగు పెరుగుతూ విడిచిన తోలు. ఈ తోళ్లు, రెట్టలు పొడై గాల్లో కలిస్తే పసిపిల్లల ఊపిరి పట్టేస్తుందని ఆమె చదువుకున్నదే.

మావగారి సంచిలోంచి ఆరు జిగురు అట్టలు తీసి, ఆయన వేసినట్టే నంబర్లు వేసి, ఎవరూ చూడకుండా వంటింట్లో పెట్టింది. మూడు రోజుల తర్వాత బుధవారం పొద్దున ఆయన కాఫీ తాగుతుండగా ఆరూ తెచ్చి బల్ల మీద వరసగా పేర్చింది.

"మావయ్యగారూ, ఒకసారి చూడండి. ఒకటో నంబరుకు రెండు, మూడో నంబరుకు నాలుగు. అయిదో నంబరుకు నలభై మూడు. ముప్పై పైన పిల్లలే. అయిదోది ఓవెన్ వెనక పెట్టాను."

ఆ ఓవెన్ ఆయన తెచ్చిందే. మూడు నెలల కింద ఒక ఇంటి వాళ్లు, పాడైంది తీసుకెళ్లు బాబాయ్ అంటే భుజాన పెట్టుకుని తెచ్చి, ఒక తీగ మార్చి, వంటింట్లో పెట్టాడు. ఇంకెవరి ఇంటి నుంచి తెచ్చినా విప్పి, విదిలించి, రెండు రోజులు ఎండలో పెట్టేవాడు. కానీ ఆ ఇంటికి మందు పెట్టింది ఆయనే. అందులో పురుగుందేమోనని చూడటమంటే తన పనిని తాను అనుమానించుకోవడం. అందుకని చూడలేదు. ఓవెన్ గడియారం వెనక రాత్రింబవళ్లు వెచ్చగా ఉంటుంది. అవి అక్కడే చల్లగా కాపురం చేసుకున్నాయి.

ఆయన అట్టలు చూశాడు. అయిదో నంబరు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఎన్ని వారాల పిల్లలో, ఎన్ని సంచులు పగిలాయో ఆయనకు ఒక్క చూపులో తెలిసిపోయింది. కాఫీ కప్పు కింద పెట్టాడు.

"మీ అక్కా వాళ్లింటి నుంచి మొన్న అట్టపెట్టెలు తెచ్చావు కదూ. పిల్ల బట్టలని."

"అవి తెచ్చి పది రోజులేనండి. ఇవి చూస్తే..."

"నాకు చెప్తావా?" ఆయన గొంతు పెంచలేదు. "వాళ్ల వంటింటి అవతారం నేను చూడలేదనుకున్నావా? పెట్టెల నిండా తెచ్చి నా ఇంట్లో దులిపావు. పైగా నా అట్టలు దొంగతనంగా తీసి నాకే పరీక్ష పెడుతున్నావు. ఈ ముక్క గడప దాటిందో, నీ కాలు కూడా దాటుతుంది."

పిన్ని వెనక నుంచి అందుకుంది. "ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందని చెప్పుకోవాలని దీని సరదా."

కోడలు అట్టలు ఒకదాని మీద ఒకటి పెట్టింది. "ఎవరు తెచ్చారన్నది నాకొద్దు. చిట్టికి ఊపిరాడటం లేదు. మీ పద్ధతిలోనే తిండి మందు పెట్టండి. స్ప్రే కొట్టొద్దు, అది పిల్ల ఛాతీకి పడదు. శనివారం మీ అబ్బాయి వచ్చేలోపు మొదలు పెట్టకపోతే పిల్లను తీసుకుని అక్కయ్య ఇంటికి వెళ్తాను." అంత చెప్పి చెప్పులేసుకుని పనికి వెళ్లిపోయింది.

తిండి మందు పెడితే నెలన్నర పడుతుంది. ఆ నెలన్నరా చావబోయే పురుగులు మైకంతో పట్టపగలే బయటికొచ్చి నేల మీద తిరుగుతాయి. ఆ సంగతీ ఆయనకు తెలుసు. ఎదురింటి కుట్టుమిషనావిడ రోజుకు నాలుగుసార్లు వస్తుంది, ఒకసారి చక్కెరకు, ఒకసారి కబుర్లకు. వీధిలో ఆమె పేరు రేడియో. ఆమె ఒక్క పురుగును చూస్తే చాలు, సాయంత్రానికి నాలుగు వీధులకూ వార్త. తనకు టార్చి పట్టి నవ్విన ఆడవాళ్లంతా ఈసారి తన గుమ్మంలో నిలబడతారు.

గురువారం మధ్యాహ్నం ఆయన పెరటి గదిలో అటక మీద నుంచి ఎర్ర మూత సీసా ఒకటి దించాడు. అది ఇళ్లకు వాడే మందు కాదు. మోరీల్లో, గోదాముల్లో కొట్టేది, ఇప్పుడు ఎవరూ అమ్మనిది. ఒక్క పూటలో అన్నీ పోవాలంటే అదే. గుడ్ల సంచులు మిగులుతాయి, నెల తర్వాత మళ్లీ వస్తాయి. కాని నెల నాటి మాట తర్వాత చూసుకోవచ్చు.

"పిల్లను తీసుకుని పార్కుకు పో" అన్నాడు పిన్నితో. "ఆరింటి దాకా గుమ్మం తొక్కకండి."

పిన్ని సీసా వైపు చూసింది. "పసిదుంది ఇంట్లో. ఇది ఫరవాలేదా?"

"పాతికేళ్ల నుంచి కొడుతున్నాను. నువ్వు చెప్పాలా?"

ఇంకెవరి ఇంట్లో అయినా ఆయన మందు కొట్టాక కిటికీలన్నీ బార్లా తీయించేవాడు. పిల్లలున్న ఇంట్లో మర్నాటి దాకా రానిచ్చేవాడు కాదు. ఈ ఇంట్లో మాత్రం ముందు కిటికీలన్నీ మూశాడు. తలుపు కింద సందులో తడి గుడ్డ కుక్కాడు. పురుగుల మందాయన ఇంట్లోంచి పురుగుల మందు వాసన బయటికి రాకూడదు. ఎదురుగా రేడియో కిటికీ దగ్గరే కూర్చుని మిషను తొక్కుతోంది. ఆయన మూతికి గుడ్డ కట్టుకుని ఓవెన్ వెనక, అలమరల్లో, గోడ బీటల్లో, నేల అంచుల వెంట కొట్టుకుంటూ పోయాడు. పురుగులు పైనుంచి రాలాయి. చీపురుతో ఊడ్చి, సంచిలో వేసి, మూతి కట్టాడు. ఫ్యాను పెద్దది చేసి, ముందుగదిలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. చాలా తేలిగ్గా ఉంది ఆయనకు.

మూడున్నరకు వాన మొదలైంది. పది నిమిషాల్లో తలుపు తట్టారు. పిన్ని కొంగు చిట్టి నెత్తిన కప్పి నిలబడి ఉంది. పిల్ల సగం తడిసింది.

"ఆరింటికి రమ్మన్నాను కదా."

"వానలో నిలబెట్టనా దీన్ని? పోనీ ఎదురింట్లో కూర్చుంటాం కాసేపు."

ఆయన వీధి అవతలకి చూశాడు. రేడియో మిషను ఆపి, మెడ చాచి ఇటే చూస్తోంది. సొంత ఇల్లు ఎదురుగా పెట్టుకుని ఎదురింట్లో ఎందుకు కూర్చుంటున్నారని అడుగుతుంది. పిన్నికి అబద్ధం చెప్పడం చేతకాదు.

గుమ్మంలో ఎంతసేపు నిలబడ్డారో, అంతసేపే ఆయన ఆలోచించింది.

"లోపలికి రండి" అని తలుపు తీసి, వాళ్లు రాగానే మూసేశాడు.

చిట్టి తడి బట్టలు మార్చి పిన్ని దాన్ని వంటింటి నేల మీద వదిలింది. పిల్ల బొమ్మ బస్సు తోసుకుంటూ, ఆ చెయ్యే నోట్లో పెట్టుకుంటూ తిరిగింది. నాలుగున్నరకు దగ్గు మొదలైంది. అయిదింటికి నోట్లోంచి చొంగ కారుతుంటే పిన్ని మూడుసార్లు తుడిచింది. ఆ తర్వాత పిల్ల చెమటలు కక్కుతూ బస్సు పక్కనే ఒరిగిపోయింది.

"ఏమండీ, చూడండి దీన్ని."

ఆయన చూశాడు. చేతిలోకి తీసుకుని వానలోనే పరిగెత్తాడు. అది మాత్రం చెప్పాలి, పరిగెత్తాడు. రెండు వీధుల అవతల ఆసుపత్రికి ఊపిరి ఎగబీలుస్తూ చేరాడు. పిన్ని కోడలికి ఫోను చేసి, వెనకే వచ్చింది.

డాక్టరమ్మ చిన్న వయసుది. ముందు పిల్ల మూతికి ఆవిరి గొట్టం పెట్టించింది. "ఇంట్లో ఏమైనా మందు కొట్టారా? ఎలకలకు గానీ, పురుగులకు గానీ."

"లేదమ్మా."

"ఏదైనా సరే, చెప్పండి."

"దోమలకేదో కొంచెం. మామూలుది."

ఆవిరితో తగ్గలేదు. పావుగంట గడిచింది, ఇరవై నిమిషాలైంది. డాక్టరమ్మ పిల్ల కనురెప్ప ఎత్తి లైటు వేసి చూసింది. వంగి పిల్ల జుట్టు వాసన చూసింది. తలెత్తినప్పుడు ఆమె ముఖం మారిపోయింది.

"దోమల మందుకు కంటిపాప సూదిమొనంత అవదు. తాతగారూ, మీరేం పని చేస్తారు?"

పాతికేళ్లు ఏ ఇంట్లో అడిగినా ఛాతీ విరుచుకుని చెప్పుకున్న పని అది. "ఇప్పుడేం లేదమ్మా. ఇంట్లోనే ఉంటున్నాను" అన్నాడు. పక్కన పిన్ని ఉంది. ఆమె నేల చూపులు చూసింది.

అప్పుడే కోడలు లోపలికొచ్చింది. ల్యాబు కోటు విప్పకుండానే వచ్చింది. ఆఖరి మాట ఆమె చెవిన పడింది. "పురుగుల మందు కొడతారండీ. అదే ఆయన పని. ఏ మందు కొట్టారో నాకు తెలియదు" అంది. మావగారి వైపు తిరిగి, "పేరు చెప్పండి" అంది.

"నేను కొట్టలేదు" అన్నాడు ఆయన.

డాక్టరమ్మ ఇక ఆయన్ని అడగలేదు. "పిల్ల ఒళ్లు చెప్తోంది, చాలు" అని నర్సుకు ఇంజెక్షను పేరు చెప్పింది. పిల్ల బట్టలు విప్పించి, ఒళ్లంతా సబ్బుతో కడిగించింది. చిట్టికి ఆ రాత్రి గండం గడిచింది. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంది. అయిదో రోజు కోడలు పిల్లను ఎత్తుకుని నేరుగా అక్క ఇంటికి వెళ్లింది. కొడుకు సామాను మోసుకుంటూ వెంట వెళ్లి, దింపి, తిరిగొచ్చాడు.

ఆ తర్వాత బాబాయ్ పని మొదలు పెట్టాడు. ఆయన చేతి నుంచి అంతకు ముందూ ఆ తర్వాతా అంత మంచి పని రాలేదు. ఓవెన్‌ను సంచిలో మూటగట్టి పారేశాడు. గోడలు, నేల, అలమరలు సబ్బునీళ్లతో అయిదుసార్లు కడిగాడు. బీటలు పూడ్చాడు. ఆవగింజంత చుక్కలు పెట్టి, ఆరు అట్టలు పరిచాడు. మొదటి వారం పదిహేడు, తర్వాత తొమ్మిది, ఆ తర్వాత నాలుగు. గుడ్ల సంచులు పగిలిన వారం పదకొండుకు పెరిగి, మళ్లీ తగ్గి, రెండు, ఒకటి. రెండు వారాలు వరసగా సున్నా పడ్డాక ఆరు అట్టలూ కొడుకు చేతికిచ్చాడు.

"చూపించి తీసుకురా వాళ్లను. ఇంత శుభ్రమైన ఇల్లు ఈ ఊళ్లో ఇంకోటి లేదు."

కొడుకు వెళ్లాడు. సాయంత్రానికి ఒక్కడే వచ్చాడు. అట్టలు బల్ల మీద పెట్టి, నిలబడే మాట్లాడాడు.

"అట్టలు వెలుతురులో పెట్టి చూసింది నాన్నా. పని బాగా చేశారంది. ఆ రోజు కొట్టిన మందు పేరు కాగితం మీద రాసిమ్మంది. ఆ గోడల మీద ఏముందో తెలియకుండా పిల్లను ఆ నేల మీద ఆడించనంది. డాక్టరమ్మ కూడా అడుగుతోంది. ఇది నరాలకు ముందు ముందు ఏమైనా చేస్తుందేమో చూసుకోవాలట. పేరుంటే చాలు, ఆదివారం వస్తానంది. మీరు తప్పు ఒప్పుకోనక్కర్లేదట, ఎవరికీ చెప్పదట."

పిన్ని వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "రాసిచ్చేయండి. ఎర్ర మూత సీసా అని నాకే తెలుసు. పేరు చదవడం రాక ఊరుకున్నాను."

"ఆ సీసా ఏదమ్మా?" అన్నాడు కొడుకు.

"ఏ సీసా?" అన్నాడు ఆయన. సీసా ఎప్పుడో ముక్కలై మోరీలో పోయింది.

కొడుకు కాగితం, పెన్ను బల్ల మీద పెట్టాడు. ఆయన కూర్చున్నాడు. ఆ మందు పేరు ఆయనకు నిద్రలో లేపి అడిగినా వస్తుంది. ఎంత కలపాలో వస్తుంది, పిల్లలున్న చోట ఎందుకు వాడకూడదో వస్తుంది. ఒక్క మాట. కానీ అది రాస్తే తన దస్తూరితో ఉంటుంది. కోడలి బీరువాలో, డాక్టరమ్మ ఫైల్లో, ఎప్పటికైనా ఎవరైనా తీసి చూడగలిగే చోట.

నిదానంగా, గుండ్రటి అక్షరాలతో రాసి, కాగితం తిప్పి కొడుకు వైపు తోశాడు.

కొడుకు చదివాడు. "దోమల మందు."

"అదే."

"నాన్నా, అది మీ మనవరాలు."

"నేను రాసేది అదే."

కొడుకు కాగితం తీసుకోలేదు. లోపలికెళ్లి బట్టలు సర్దుకున్నాడు, లారీ తాళాలు తీసుకున్నాడు. తల్లి గుమ్మం దాకా వెళ్లింది. వాడు వెనక్కి తిరగలేదు.

మర్నాడు పొద్దున రేడియో చక్కెరకని వచ్చి, ఇల్లంతా కలియజూసి, గుమ్మంలో చతికిలబడింది. "ఎన్నాళ్లయింది బాబాయ్, చిట్టిని చూసి. మీ అబ్బాయి కూడా సంచి పట్టుకుని పోతుంటే చూశాను. కోడలు ఇంకా రాలేదేం?"

పిన్ని డబ్బాలోంచి చక్కెర తీస్తూ ఆగింది.

"నేనే రావద్దన్నానమ్మా" అన్నాడు మీసాల బాబాయ్, గడ్డానికి సబ్బు పూసుకుంటూ. "ఆ పిల్లకు శుభ్రం లేదు. మనవరాలికి ఆ జబ్బు తెచ్చింది కూడా దాని నిర్వాకమే. వచ్చిందంటే ఇల్లంతా పురుగే."

"అదా సంగతి" అంది రేడియో, చక్కెర గ్లాసు అందుకుని లేస్తూ. మధ్యాహ్నానికి ఆ మాట నాలుగు వీధులూ దాటి, కోడలి అక్క ఇంటికి కూడా చేరింది.